ఎబెనెజరు బండి

విడవలూరు,
జూన్ 14.

ఓబయ్యన్నకు చెల్లెలు మగ్దలీనమ్మ వందనాలు.

నీ చెవులు పూర్తిగా మొరాయించాక ఫోనులో నేను అరవడం, నువ్వు "ఆఁ? ఆఁ?" అనడం తప్ప మన మధ్య మాటలేం సాగలేదు. నీ కూతురు కామాక్షి ఫోనుకి మెసేజ్ పెడితే ఇంటిల్లిపాదీ చదివాక చివర్లో నీకు చూపిస్తారు. నువ్వన్నట్టు కాగితమే మేలు. పోస్టాఫీసులో కవరు అడిగితే అక్కడి అమ్మాయి "కోర్టు నోటీసా మేడమ్?" అంది. మా అన్నకు ఉత్తరం అని చెబితే నన్ను వింతగా చూసింది.

ఇక్కడ అందరం క్షేమం. బడులు తెరిచారు కాబట్టి మా ఆయన జీవానందం కుట్టుమిషను దిగడం లేదు. ఊళ్లో సగం మంది పిల్లల యూనిఫారాలు మా వసారాలోనే ఉన్నాయి. ఆయన చొక్కాలు కుడుతుంటే నేను గుండీలు వేస్తున్నాను. నా కుట్టు చూసి, "గుండీలు కుడతుండావా, టైరుకు బోల్టులు బిగిస్తుండావా?" అంటాడు. దారం తెగేలా లాగుతున్నానట.

చర్చికి కొత్త రేకులు వేశారు. వాన పడితే పాస్టరుగారి ప్రసంగం ఒక్క ముక్క వినపడదు. ఆ పూట నువ్వు వచ్చి కూర్చున్నా నీకూ మాకూ తేడా ఉండదు.

అల్లుడు పోలేరయ్య రొయ్యల గుంటలు ఎలా ఉన్నాయి? నీకు ఆ ఊరి తిండి పడుతోందా? జవాబు రాయి.

మగ్దలీనమ్మ


బాలాసోర్ దగ్గర, గుంటల గట్టు,
జూన్ 27.

చిరంజీవి మగ్దలీనకు అన్న ఓబయ్య ఆశీర్వదించి రాసేది.

ఉత్తరం అందింది. ఇక్కడ అంతా దివ్యంగా ఉంది. అల్లుడి గుంటలు బ్రహ్మాండం. నాకు గట్టు మీద పాక వేయించారు. వేళకు తింటున్నాను, గుంటల మీద వాలే కాకుల్ని తోలుతున్నాను. మన చద్దన్నమే ఇక్కడా తింటారు, పేరు వేరు.

నీ ఉత్తరం మళ్లీ మళ్లీ చదివాను. చర్చి రేకుల గురించి రాశావు, పోస్టాఫీసు అమ్మాయి గురించి రాశావు. బండి గురించి ఒక్క మాట లేదు. ఇరవై ఏళ్లు నీ పక్క సీట్లో కూర్చున్నవాణ్ణి. నువ్వు మొగుణ్ణి తలవని రోజులున్నాయి గానీ బండిని తలవని రోజు నేను చూడలేదు. హేచరీల్లో రొయ్యపిల్లలు దిగే కాలంలో, ఆ పిల్లల్ని గుంటలకు చేర్చే సీడ్ బండి తోలే మనిషికి గుండీలు కుట్టే తీరిక ఎక్కడిది?

బండికేమైంది? నీకేమైంది? దాచకుండా రాయి.

ఓబయ్య


విడవలూరు,
జూలై 9.

అన్నా,

నీ దగ్గర దాచడం నావల్ల కాదు. బండికేం కాలేదు. ఎబెనెజరు ఇంటి ముందు కడిగిన ముత్యంలా ఉంది. బాధ కూడా అదే. సీడ్ బండి ముత్యంలా మెరుస్తోందంటే దానికి పని లేదని అర్థం.

హేచరీకి అశోక్ అని కొత్త మేనేజరు వచ్చాడు. చెడ్డవాడు కాదు. వేసవిలో పిలిచి కుర్చీ వేసి కూర్చోబెట్టాడు.

"అక్కా, ఇంకమీద దూరం లోడ్లన్నీ కంపెనీ బండ్లకే. వాళ్లకి ఏసీ బాడీలుండాయి. బండి యాడుందో ఆఫీసులో కూర్చోని చూడొచ్చు. నీకు దగ్గర ట్రిప్పులు ఇస్తాం."

"దగ్గరంటే?"

"కోట, వాకాడు, ఆ పక్క. పొద్దున పోయి మధ్యాన్నానికి ఇంటికొచ్చేస్తావు. నీ వయసుకి సుఖం గదక్కా."

నా వయసుకి సుఖమట! ఎండనకా వాననకా బెంగాల్ దాకా ప్రాణమున్న సరుకు మోసుకుపోయి, ఆక్సిజన్ అయిపోయేలోగా గుంట గట్టు మీద దించిన మనిషిని. లేచి వచ్చేశాను. తర్వాత ఆ దగ్గర ట్రిప్పులూ రాలేదు. ఆ కాస్త దూరానికి చిన్న ట్రాలీలే చాలు, ఎబెనెజరంత బండిని ఎవరు పిలుస్తారు?

కావలి నుంచి ఒక కూరగాయల వ్యాపారి వచ్చి బండి చూసుకుపోయాడు. ఇస్తానని మాటిచ్చాను. ఆ రోజు జీవానందం అన్నం ముందు కూర్చుని, ముద్ద కలిపి, లేచిపోయాడు. "నీకిష్టమైతే అమ్ముకో. ఆ పేరు చెరపమని మాత్రం నన్ను అడగబాకు" అన్నాడు. ఇంతవరకూ దేవుడు తోడున్నాడని గుర్తుగా బండి నుదుట ఎబెనెజరు అని రాయించింది ఆయనే కదా. స్కూటరు వెనక కూర్చోవడానికే భయపడే మనిషి. నేను బండెక్కిన ప్రతిసారీ టైరు మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసి పంపాడు.

నాకు బాధ లేదు. మోకాళ్లు కూడా పట్టేస్తున్నాయి. నువ్వు మనసు పాడు చేసుకోకు.

మగ్దలీన


గుంటల గట్టు,
జూలై 20.

మగ్దలీనా,

ఆశీర్వాదాలు తర్వాత, ముందు తిట్లు. ఎవరడిగారని అమ్ముతున్నావు?

నువ్వు హేచరీలో సీడ్ సంచులకు రబ్బరు బ్యాండ్లు వేసే పనిలో ఉన్నప్పుడు, "అన్నా, నాకు బండి నేర్పు" అని నా వెంట పడ్డావు. ఎందుకని అడిగితే, "నేను కట్టిన సంచులు బతికి చేరినాయో లేదో నా కళ్లతో చూడాల" అన్నావు. ఆ మాటకే నేర్పాను. జువ్వలదిన్నె ఇసుకలో నువ్వు క్లచ్చి మాడుస్తుంటే వలలు ఆరబెట్టుకునేవాళ్లు వలలెత్తుకుని పరుగు తీశారు. ఆడమనిషి బండికి సీడ్ ఎవరిస్తారని నవ్వినవాళ్లే తర్వాత ఎబెనెజరు ఎప్పుడు ఖాళీ అని నీ ఇంటి చుట్టూ తిరిగారు. పాత వ్యానుతో మొదలుపెట్టి ఆరు చక్రాల బండికి యజమానివైంది గుండీలు కుట్టడానికా?

ఇక నా సంగతి. దివ్యంగా ఉందని రాశాను. లేదు. పోలేరయ్యకు వరసగా రెండు పంటలు పోయాయి. రెండోసారి సీడ్ దారిలోనే నీరసించి వచ్చింది. గుంటలో వదిలిన మర్నాడే గట్టు పక్కన తెల్లగా తేలింది. కామాక్షి ఏడవడం లేదు, అదే నా భయం. పోలేరయ్య నాతో మాట్లాడటం మానేశాడు. అది కోపం కాదు, సిగ్గు. మామను తెచ్చి కూర్చోబెట్టి చూసుకుంటానన్నవాడు, తనే నిలబడలేకపోతున్నానని కుమిలిపోతున్నాడు. ఈ పంట కూడా తప్పితే గుంటలు వేరేవాళ్లకి కౌలుకి ఇస్తానని భూమి ఆసామి చెప్పేశాడు.

గుంటలు సిద్ధం చేశాం. నీళ్లు మంచి రంగు తిరిగాయి. మీ అశోక్ వాళ్ల హేచరీలోనే సీడ్‌కి ఆర్డరు చెప్పాం, ఆగస్టు మొదట్లో రావాలి. ఎవరి బండిలో వస్తుందో నాకు తెలియదు. నేను నమ్మే బండి ఒకటే. ఆ కావలి ఆయన్ని కొన్నాళ్లు ఆగమని చెప్పు.

ఓబయ్య


విడవలూరు,
ఆగస్టు 14.

ఓబయ్యన్నకు వందనాలు.

నిన్న ఇల్లు చేరాను. దారి సంగతులు మీ గుంటల దగ్గరే చెబుదామని మొదలుపెట్టాను గానీ, నేను అరుస్తుంటే మనం కొట్లాడుకుంటున్నామనుకుని నీ కూలీలు పరిగెత్తుకొచ్చారు. ఇప్పుడు తీరిగ్గా రాస్తాను, విను. విను కాదు, చదువు.

నీ ఉత్తరం పట్టుకుని అశోక్ దగ్గరికి వెళ్లాను. లోడు కంపెనీ బండికి ఇచ్చేశామన్నాడు. చేసేదేం లేక తిరిగొచ్చాను. సరిగ్గా సీడ్ ఎత్తాల్సిన నాటికి సముద్రంలో వాయుగుండం పట్టింది. శ్రీకాకుళం పక్క ఒకటే వాన. బండి పంపలేమని కంపెనీవాళ్లు చేతులెత్తేశారు. పొద్దున్నే అశోక్ మా వసారాలో, యూనిఫారాల కుప్పల మధ్య నిలబడ్డాడు.

"అక్కా, ట్యాంకుల్లో పిల్లలు పెరిగిపోతుండాయి. ఇంకా ఆపితే ఒకదాన్నొకటి తింటాయి. పోగలవా?"

"పోగలవా అని అడగబాకు. పోతావా అని అడుగు."

"దార్లో ఏమన్నా అయితే?"

"మగ్దలీనమ్మ తీసకపోయింది అని నా పేరు చెప్పుకో."

జీవానందం అప్పటికే మిషను దిగి, బండి సీట్లు తుడుస్తున్నాడు.

సుశీల్ కుమార్‌ని రెండో డ్రైవరుగా పిలిచాను. మధ్యాహ్నానికి లోడెత్తాం. సంచిలో కాసిని నీళ్లు, మిగతాదంతా ఆక్సిజన్, ఆ నీళ్లలో కనురెప్ప వెంట్రుకంత పిల్లలు వేలకు వేలు. సంచులు అట్టపెట్టెల్లో, పెట్టెల మధ్య ఐసు సీసాలు. నీకు తెలియనివి కావు, అయినా రాయబుద్ధేస్తోంది. ఒకరు తోలుతుంటే ఒకరు కునుకు తీస్తూ విశాఖ దాటాం. తెల్లారాక శ్రీకాకుళం దాటి కొంత దూరం పోయేసరికి ముందు బండ్లన్నీ ఆగి ఉన్నాయి. వాగు పొంగి రోడ్డు మీద పారుతోంది. పోలీసులు అడ్డంగా తాడు కట్టారు. వెనక్కి తిరుగుదామంటే మా వెనక కూడా బండ్లే.

పొద్దెక్కింది. సుశీల్ ఒక పెట్టె విప్పి చూసి, "అక్కా, సంచులు మెత్తబడినాయి" అన్నాడు. ఒక సంచి వెలుతురుకి ఎత్తి చూశాను. పిల్లలు అడుక్కి దిగుతున్నాయి. నా గుండె కూడా వాటితోపాటే దిగింది. మన బండిలో ఆక్సిజన్ సిలిండరు ఉంది. గాలికి కరువు లేదు, చేతులకే కరువు. వందల సంచులు విప్పి, గాలి పట్టి, మళ్లీ కట్టాలి. మేమిద్దరమే పూనుకుంటే సగం కట్టేసరికి మిగతా సగం చచ్చిపోతాయి.

మా ముందు పెళ్లివారి బస్సు ఆగి ఉంది. పట్టుచీరల్లో ఆడవాళ్లు కిటికీల్లోంచి వాన చూస్తున్నారు. ఏ ధైర్యంతో ఎక్కానో తెలియదు, ఎక్కి చెప్పాను.

"అమ్మా, నా బండిలో లక్షల ప్రాణాలుండాయి. ఊపిరాడక చస్తుండాయి. రబ్బరు బ్యాండు వేయడం తెలిసినోళ్లు ఎవరన్నా దిగతారా?"

ఎవరూ కదల్లేదు. నా చీర అంచు నుంచి నీళ్లు బస్సులో కారుతున్నాయి. అప్పుడు పెళ్లికూతురి మేనత్త, పెద్దావిడ, కొంగు బొడ్లో దోపుకుని లేచింది.

"జడకేసీ బ్యాండే కదేటి? కూకుని ఏటి చేస్తారు, పదండే!"

అందరూ దిగారన్నా! లారీ డ్రైవర్లు పట్టలు విప్పి పందిరిలా పట్టుకున్నారు. సుశీల్ గాలి పడుతుంటే, మూతి మెలిపెట్టి, మడిచి, బిగించి కట్టడం నేను చేసి చూపించాను. నా పాత పని, చేతులు మరిచిపోలేదు. మొదట్లో వదులుగా కట్టారు. మొహమాటం లేకుండా విప్పించి మళ్లీ కట్టించాను. తర్వాత ఆ చేతుల వేగం చూడాలి! గాజుల చప్పుడు, సిలిండరు బుస, వాన. ఎవరో పెళ్లిపాట అందుకున్నారు. చేపల బండి ఆయన, మనవాడు కాదు, భాష కూడా తెలియదు, తన పెట్టెల్లోంచి ఐసు తవ్వి బకెట్లతో మోసుకొచ్చి ఇచ్చాడు. చివరి సంచి పెళ్లికూతురే కట్టింది. గోరింటాకు చేతులతో కట్టిన ఆ సంచి ఏ పెట్టెలో ఉందో గుర్తు పెట్టుకోలేకపోయాను.

పొద్దు వాలుతుండగా నీళ్లు తగ్గాయి. పోలీసాయన కార్లను ముందు వదలబోయాడు. మేనత్త అడ్డంగా నిలబడింది.

"ముందు పిల్లల బండి వెళ్లాల!"

"ఏ పిల్లలమ్మా?" అని ఆయన గాభరాగా నా బండి వెనక్కి వచ్చి చూశాడు. రొయ్యపిల్లలని తెలిశాక ఆపుకోలేక నవ్వాడు. నవ్వుతూనే తాడు విప్పించాడు. అందరికంటే ముందు ఎబెనెజరు నీళ్లలోకి దిగింది. మొదటి గేరు, కాలు కదపకుండా, బ్రేకు ముట్టకుండా, నువ్వు నేర్పినట్టే. వెనక ఈలలు, చప్పట్లు. అవతలి ఒడ్డు ఎక్కాక నాకు ఏడుపు తన్నుకొచ్చింది. సుశీల్ చూడకుండా పక్క అద్దం తుడిచాను.

గుంటల దగ్గర దిగింది గుర్తుంది. తర్వాత నిద్ర పట్టేసింది, సంచులు విప్పడం నేను చూడలేదు. నువ్వే రాయాలి.

మగ్దలీన


గుంటల గట్టు,
ఆగస్టు 25.

చిరంజీవి మగ్దలీనకు,

నీ ఉత్తరం అల్లుడికీ కూతురికీ చదివి వినిపించాను. పెళ్లికూతురి సంచి దగ్గర కామాక్షి మళ్లీ చదవమంది.

నువ్వు అడిగింది రాస్తున్నాను. తెల్లవారేసరికి నేను మట్టిరోడ్డు మొదట్లో ఉన్నాను. ముందు లైట్లు కనపడ్డాయి, తర్వాత నుదుటి మీద పేరు. నువ్వు దిగి, "సంచులు విప్పకుండా ముందు గుంటలో తేలేయండి" అని పోలేరయ్యకు చెప్పి, పాకలో మంచం మీద కూలబడ్డావు. నిద్రలో కూడా నీ చేతులు స్టీరింగు పట్టుకున్నట్టే బిగుసుకుని ఉన్నాయి. కామాక్షి ఆ వేళ్లు ఒక్కొక్కటీ విప్పి దుప్పటి కప్పింది.

సంచుల్లో నీళ్ల చల్లదనం, గుంట నీళ్ల చల్లదనం ఒకటయ్యాక పోలేరయ్య ఒక సంచి తెల్ల బేసిన్‌లోకి వంచాడు. వేళ్లతో నీళ్లు సుడి తిప్పాడు. ప్రాణం లేనిది సుడితోపాటు తిరిగి మధ్యలో కుప్ప పడుతుంది. ప్రాణమున్నది ఎదురీదుతుంది. ముగ్గురం తలలు ఆనించి వంగాం. నీళ్లు ఒక పక్కకి తిరుగుతుంటే పిల్లలన్నీ అంచు పట్టుకుని ఎదురు తిరిగి ఈదుతున్నాయి. మధ్యలో నలకంత కూడా లేదు. ఇంకో సంచి వంచాడు. అదీ అంతే. చివరి పెట్టెలోంచి మరొకటి తీసి చూశాడు. అదీ అంతే!

పోలేరయ్య ఏదో అన్నాడు. నాకు వినపడలేదు. నా భుజాలు పట్టుకుని, తన వైపు తిప్పుకుని, నోరు బాగా తెరిచి మళ్లీ అన్నాడు.

"మామా, బతికినాయి."

ఎన్ని నెలల తర్వాత నాతో మాట్లాడాడో! కామాక్షి అప్పుడు గట్టు మీద కూర్చుని ఏడ్చింది. ఏడవనిచ్చాం.

నువ్వు లేచేసరికి మేం ముగ్గురం బురదతో, నవ్వు మొహాలతో ఉన్నాం. నీకు టీ ఇవ్వడం కూడా మరిచాం. అది ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

ఓబయ్య


విడవలూరు,
అక్టోబర్ 30.

ఓబయ్యన్నకు వందనాలు.

ఉత్తరం ఆలస్యమైంది. కారణం చెబితే సంతోషిస్తావు. ఇంట్లో ఉంటే కదా రాయడానికి!

నేను మీ దగ్గర్నుంచి తిరిగొచ్చిన వారంలోపే అశోక్ వచ్చాడు. "అక్కా, ఆ పక్క రైతులు ఎబెనెజరు బండే కావాలంటుండారు. ఇంక దూరం లోడ్లు నీకు కాకుండా ఎవరికిస్తాం?" అన్నాడు. నేను బెట్టు చేశాను. హేచరీ నుంచి బయటికి పోయే ప్రతి దూరం బండిలో, నాదైనా కంపెనీదైనా, సిలిండరు ఉండాలి, సంచులు కట్టడం వచ్చిన మనిషి ఉండాలి, అప్పుడే తోలతానన్నాను. ఒప్పుకున్నారు. ఒకప్పుడు హేచరీలో నాతో సంచులు కట్టిన ఆడవాళ్లలో ముగ్గురు ఇప్పుడు బండ్ల మీద పోతున్నారు.

కావలి ఆయనకు ఫోన్ చేసి, బండి ఇవ్వలేనని చెప్పాను. తిడతాడనుకున్నాను. "ఆ రోజే అనుకున్నాలే తల్లీ. బండంతా చూపించినావు గానీ తాళం నా చేతికియ్యలేదు" అని నవ్వాడు.

పోయిన వారం నెల్లూరులో హేచరీలవాళ్లు సభ పెట్టి నాకు శాలువా కప్పారు. నన్ను మాట్లాడమంటే మైకు పక్కకి తోశాను. మైకంటేనే పారిపోయే జీవానందం లేచాడన్నా! "ఈమె బండెక్కితే నాకు భయం. ఎక్కకపోతే ఇంకా భయం" అని కూర్చున్నాడు. సభంతా ఘొల్లున నవ్వింది. తిరిగొచ్చేటప్పుడు మొదటిసారి నా పక్క సీట్లో కూర్చున్నాడు. నెల్లూరు నుంచి ఇంటిదాకా కళ్లు తెరవలేదు, కడ్డీ వదల్లేదు. దిగాక మాత్రం "బాగా తోలతావే" అన్నాడు, చూసినట్టే.

అల్లుడి గుంటలు ఎలా ఉన్నాయి? ఈసారి నిజం రాయి.

మగ్దలీన


గుంటల గట్టు,
డిసెంబర్ 6.

చిరంజీవి మగ్దలీనకు,

నిజమే రాస్తున్నాను. పంట పట్టాం. వల లాగడానికి మనుషులు చాలలేదు. రొయ్య ఎగిరి పోలేరయ్య మొహానికి తగిలితే, దెబ్బ తగిలిన చోటే చెయ్యి పెట్టుకుని నవ్వుతున్నాడు. భూమి ఆసామి తనే వచ్చి, "మరో నాలుగేళ్లు మీరే చేసుకోండి" అని చెప్పి, భోజనం చేసి వెళ్లాడు. కామాక్షి ఊరంతటికీ రొయ్యల కూర పంచింది.

ఇక నాకొకటి కావాలి. ఇక్కడ నాకు లోటేమీ లేదు. కూతురు అన్నం పెడుతోంది, అల్లుడు ఎదురొచ్చి పలకరిస్తున్నాడు. ఇన్నాళ్లూ వాళ్లు కష్టంలో ఉంటే కదలడానికి మనసొప్పలేదు. ఇప్పుడు ఒప్పింది. నేను గట్టు మీద కాకులు తోలే మనిషిని కాను, రోడ్డు మీది మనిషిని. చెవుల్లేనివాడికి బండి ఇవ్వరు, తెలుసు. తోలను. టైర్లు తట్టి చూస్తాను, సంచులు కడతాను, ఎడమ పక్క నీకు కనపడనిది నేను చూస్తాను. నువ్వూ సుశీలూ కాక ఇంకొకరికి చోటుంది కదా. ఆ కిటికీ సీటు నాకియ్యి.

ఓబయ్య


ఇచ్చాపురం దాటాక, రోడ్డు పక్క హోటల్లో,
ఫిబ్రవరి 16.

అమ్మా కామాక్షీ,

మీ గుంటలకు సీడ్ దించి, నన్ను ఎక్కించుకుని బయల్దేరిన మగ్దలీన, ఇదిగో, ఇక్కడ టీకి ఆపింది. నేను చేరానని నీకు ఉత్తరం రాయమంది. ఇంకా చేరలేదే అంటే, "నువ్వు చేరిపోయినావులే, నీ మొగం చూస్తే తెలస్తుండాది" అని చేతులూ నోరూ తిప్పి చెప్పింది.

పోలేరయ్యకు చెప్పు, సీటు మెత్తగా ఉంది. జీవానందం కొత్త కవరు కుట్టి పంపాడు. నాకు వెన్ను నొప్పి లేదు. నువ్వు కట్టిన పులిహోర సుశీల్ సగం తినేశాడు.

ఎదురొచ్చే సీడ్ బండ్లన్నీ మమ్మల్ని చూసి లైట్లు వేస్తున్నాయి. కంపెనీ బండ్లు కూడా. ఒక బండిలోంచి ఒకావిడ కిటికీ దించి చెయ్యి ఊపింది. హారన్లు మోగిస్తున్నారని మగ్దలీన చేత్తో చూపించింది. నేనూ చెయ్యి బయటపెట్టి ఊపుతున్నాను, ఎవరైందీ తెలియకపోయినా.

టీ అయిపోయింది. మిగతాది బండిలో కూర్చుని రాస్తున్నాను, అక్షరాలు వంకర పోతే ఏమీ అనుకోకు. ఇంజను మొదలైంది. నా చెవులకు వినపడదు, అరికాళ్లకు వినపడుతోంది. రెండో గేరు. మూడు. రోడ్డు ఖాళీగా ఉంది తల్లీ, నాలుగు వేసింది.

మీ నాన్న
ఓబయ్య